సమస్యాపూరణం: ‘ఆకు లూడ్చినంత హరిత మడఁగె’

నిర్వాహకుడు: కానుగలు ఆకు దులుపుతున్నాయి కదా, ఈసారి పాదం ఇది.

*ఆకు లూడ్చినంత హరిత మడఁగె*

ఆకులు కాల్చారని పూరించిన ఒక పద్యాన్ని పక్కన పెట్టాను. ఢిల్లీలో ఆకులు కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని 2015లోనే తీర్పు వచ్చింది. ఇచ్చింది ఎవరనుకున్నారు, జాతీయ ‘హరిత’ ట్రిబ్యునల్! పద్యం కన్నా ఆ శ్లేషే బాగుంది.

గరికపోస:

ఇనుప పళ్ళ రేకు నిటునటు లాగంగ
గరిక వేరుతోడఁ గదలి వచ్చెఁ
దడిసి యున్న నేలఁ దగునయ్య యీ పని
యాకు లూడ్చినంత హరిత మడఁగె

శకటరేఫ: గణాలు శుభ్రం. కానీ ‘రేకు’ ఏమిటండీ? తామర రేకా, గొడ్ల చావిడి మీది రేకా? ‘ఇనుప పళ్ళ దంతె’ అంటే గలమే, పద్యం ఎక్కడా చెదరదు.

గరికపోస: దంతె ఎద్దులు లాగేది శకటరేఫ గారూ. పచ్చిక మీదికి ఎడ్లను తోలమంటారా? బజారులో అడిగినా ‘రేక్’ అనే ఇస్తారు, ఉకారం చేర్చానంతే.

నిర్వాహకుడు: ఉకారాన్ని ఒప్పుకున్నాను. విషయమూ సరైనదే. నిలువు పళ్ళ ఇనుప రేక్ మట్టి చదును చేసుకోవడానికి. గరిక నేల మీద తీగ పాకించి కణుపు కణుపునా వేరు దించుతుంది, ఆ పన్ను తీగ కింద దూరిందంటే జానెడు పొడవున లేచొస్తుంది. ఆకులకు విసనకర్రలా విచ్చుకున్న వెదురు బద్దల రేక్ కావాలి. బద్దలు గడ్డి కొసల మీద తేలాలి తప్ప మన్ను గీరకూడదు. అదీ మంచు ఆరాక, పది దాటాక. తడి ఆకు పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, మెత్తటి నేల వేరును వదిలేస్తుంది. మూడో పాదంలో ‘తడిసి’ అన్న ఒక్క మాటతో ఇదంతా వచ్చేసింది. మార్కులు దానికే.

కాకరపువ్వు:

మూఁడు వారములుగ మూసిన యాకుల
క్రింద వెలుఁగు లేక కృశతఁ జెంది
గడ్డి మున్నె చచ్చెఁ గద! యేల యందురో
‘యాకు లూడ్చినంత హరిత మడఁగె’

గరికపోస: సమస్యను కొటేషన్లో పెట్టి చేతులు దులుపుకోవడం కాకరపువ్వు గారికి మామూలే. పోయిన ఉగాదికి ఇదే, దసరాకూ ఇదే.

శకటరేఫ: ‘యాకుల’ తర్వాత ‘క్రిం’ ఉంది. ‘ల’ గురువా, లఘువా?

కాకరపువ్వు: లఘువైతే భగణం, గురువైతే రగణం. రెండూ ఇంద్రగణాలే, తమరు హాయిగా నిద్రపోవచ్చు.

జెర్సీబాబాయి: ఛందస్సుకు ఢోకా లేదు, నాకు అభ్యంతరం ‘చచ్చె’ దగ్గర. పసుపు తిరిగిన గరికంతా చచ్చినట్టు కాదు. తీగ గిల్లి చూడాలి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, ఎండ తగిలితే మళ్ళీ చిగురిస్తుంది. గోధుమరంగు తిరిగి పుటుక్కున విరిగితేనే పోయినట్టు. ఇంకో సంగతి, ఏ ఆకో చెప్పకుండా మూడు వారాలంటే ఎలా? పొడి వేపాకు గడ్డి సందుల్లోకి జారిపోతుంది. బాదం ఆకు విస్తరంత, తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని చాపలా పరుచుకుంటుంది. దాని కింద మూడు వారాలు అక్కర్లేదు.

కాకరపువ్వు: కిందటిసారి అక్టోబరు ఆకురాలుకు ‘శిశిరము’ అని రాసినవారు కాలం లెక్కలు చెబుతున్నారు! ఆశ్వయుజ కార్తికాలు శరత్తు బాబాయ్. శిశిరం మాఘ ఫాల్గుణాలు.

జెర్సీబాబాయి: మేపుల్ చెట్టుకు పంచాంగం తెలియదమ్మా. ఇదిగో నా పూరణ:

పిండి సేయు మిషను పైనుండి పోవంగ
నలిగి యాకు లయ్యె నాణె మంత
నేల కెరువు దక్కె నిక్కమే, పొరుగింట
నాకు లూడ్చినంత హరిత మడఁగె

శకటరేఫ: ‘పిం’కు ‘పై’తో యతా! ఇకారానికి ఐకారంతో మైత్రి ఏ ఊళ్ళో కుదిరింది?

కాకరపువ్వు: జెర్సీలో.

జెర్సీబాబాయి: తప్పే. ‘పిండి సేయు మిషను పెరటిలోఁ ద్రిప్పంగ’ అని సవరిస్తున్నాను.

నిర్వాహకుడు: సవరణ బాగుంది. ఊడ్చినవాడు ఎరువును ఎత్తి పారేసుకున్నాడన్న విరుపు ఇంకా బాగుంది. అయితే ఇక్కడివాళ్ళు చూసి చేయాలి. గడ్డి కోసే మిషన్లలో చేత్తో తోసే రీలు మిషను ఆకును తరగదు, చుట్టుకుని ఆగిపోతుంది. అడ్డంగా గిర్రున తిరిగే బ్లేడు ఉండాలి. ఆకు పెళపెళలాడేంత ఎండి ఉండాలి. బ్లేడు ఎత్తి పెట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పోనివ్వాలి. తర్వాత చూస్తే ముక్కల సందుల్లోంచి గడ్డి కొసలు కనబడాలి. కనబడలేదా, ఎక్కువైనట్టే. మిగిలింది టార్పాలిన్ మీదికి లాగి ఎరువు గుంటకు మోయాల్సిందే. గుంటలో ఎండాకు మూడు తట్టలకు పచ్చి చెత్త ఒక తట్ట, పైన పేడనీళ్ళు. ఉత్త ఎండాకే పోస్తే ఏడాదైనా అలాగే పడి ఉంటుంది.

నాగేటిచాలు: అందరూ చీపురే పట్టుకున్నారు. ‘ఊడ్చు’కు ఇంకో అర్థం ఉందని గోదావరి గట్టున ఎవరినడిగినా చెబుతారు.

ఐదు సెంట్ల మడిని నలరిన పచ్చన
యిరువదైదు నాళ్ళ కెగిరి పోయె
నెకర మంత నాట నీనాఁటి మడిలోన
నాకు లూడ్చినంత హరిత మడఁగె

నిర్వాహకుడు: శభాష్! ఆకు అంటే వరినారు, ఊడ్చడమంటే నాటడం. ఎకరాకు ఐదు సెంట్ల ఆకుమడి, ఇరవై ఐదు రోజుల నారు, లెక్కలు కూడా అచ్చంగా రైతువే. ఆకుతీత అయిపోతే మడిలో మిగిలేది బురదే కదా.

శకటరేఫ: ‘ఈనాఁటి’ ఉత్త పూడిక. ఏనాటి మడైతే ఏం?

గరికపోస: నాకు అసలు గుచ్చుకున్నది అది కాదు. రైతు ‘ఆకు ఊడ్చాం’ అంటాడు, ‘ఆకులు ఊడ్చాం’ అనడు. బహువచనం వచ్చిందంటే చీపురే.

నాగేటిచాలు: బహువచనం ఇచ్చిన పాదంలోనిది, నిర్వాహకుల్ని అడగండి. నా దాంట్లో వంక దొరక్క వారి దాంట్లో వెతుకుతున్నారు.

దక్కన్‌కంకర: మా దిక్కు ఊడ్పు లేదన్నా, నాటే. నారు వీకుడు, నాటేసుడు. ఈ పద్యం కరీంనగర్ల చదివితే ‘ఆకుమడి ఊడ్చుడేంది, చీపురు తెచ్చిండ్రా’ అంటరు. ఇంకొకటి, పచ్చదనం పోయేది మడిలనే కాదు. నాటేసినంక కొత్త పొలంల గూడ నారు నాలుగొద్దులు పసుపు వడ్తది. అది గూడ చెప్పుంటే మీ పాదం రెండు దిక్కుల నిజమయ్యేది.

నాగేటిచాలు: నిజమే తమ్ముడూ, మూన తిరిగేదాకా, అంటే నాటిన నారు వేరూనుకునేదాకా, చేనూ పసుపే. మూడో పాదంలో ‘నీనాఁటి మడిలోన’ తీసేసి ‘నీ మడి యా చేన’ అని పెట్టుకుంటే...

శకటరేఫ: చివరి గణం ‘యా చేన’, తగణం, సరే. ‘మడి’కి విభక్తి ఎక్కడ?

నాగేటిచాలు: మీ శకటంలో వెతకండి.

నిర్వాహకుడు: చాలు. బ్లోయరు పట్టేవాళ్ళూ, చీపురు పట్టేవాళ్ళూ గాలిని వీపుకు పెట్టుకుని ఊడుస్తారు కదా, వచ్చే వారం పాదం దాని మీదే:

*గాలి ముందు నిలువ గంప నిండె*

కాకరపువ్వు: ఇది కొటేషన్లో పెట్టనులెండి.