ఈఎంఐలో సగం నాది, ఫ్లాట్ మాత్రం ఆయన పేరు మీదే, దారి చెప్పండి

నేను, మా ఆయన ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాం, ఆయన జీతం 95 వేలు, నాది 70 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 48 వేలు, అందులో సగం నేనే కడతాను, సరుకులు, కరెంటు బిల్లు కూడా చెరిసగం, ఎందుకంటే "సమానం అన్నావుగా" అంటారు. వంట, పిల్లాడి హోంవర్క్ దగ్గరికొచ్చేసరికి ఆ సమానం ఉండదు, అది ఆడవాళ్ళ పని. ఆయన వాళ్ళ అమ్మానాన్నలకి 15 వేలు పంపితే బాధ్యత, నేను మా నాన్నకి 5 వేలు పంపితే పుట్టింటికి దోచిపెట్టడం. ఇది పచ్చి అన్యాయం.

లోన్‌లో నేను కో-అప్లికెంట్‌ని, సేల్ డీడ్‌లో (కొనుగోలు రిజిస్ట్రేషన్ పత్రంలో) మాత్రం ఆయన పేరొక్కటే. ఓనర్ కాకపోతే వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా అడగలేనని ఆడిటర్ చెప్పారు. జీతాల నిష్పత్తిలో పంచుకుందామన్నాను, నెల లెక్కంతా ఎక్సెల్‌లో చూపించాను, ఆడపడుచుతో కూడా చెప్పించాను. "నామీద నమ్మకం లేదా" అని అక్కడితో మాట తెంపేస్తున్నారు. నా ఖాతా నుంచి డబ్బు వెళ్ళినట్టు స్టేట్‌మెంట్లన్నీ ఉన్నాయి.

విడిపోయే ఉద్దేశం నాకు లేదు. లోన్ నడుస్తుండగానే ఫ్లాట్‌లో భార్య పేరు చేర్పించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని గిఫ్ట్ డీడ్ (వాటా బహుమతిగా రాసిచ్చే పత్రం) చేయించారా, లేక ఇంకేదైనా పద్ధతిలో చేశారా?