టిడ్కో ఇళ్ల మధ్య సంఘం: షెడ్డు వేయించుకోమంటారా?

రంగులబ్రష్ (విజయనగరం)

అందరికీ వందనాలు. పగలు పెయింటింగ్ పని, పొద్దుగూకాక పాస్టరుగా పరిచర్య. టౌను బయట టిడ్కో ఇళ్లలో, అంటే ప్రభుత్వం పేదలకి కట్టిన అపార్టుమెంట్లలో ఉంటున్నాం. ఇక్కడికి వచ్చినవాళ్లు ఎక్కువమంది చెరువు గట్టు మీద, రైలు పట్టాల పక్కన గుడిసెలేసుకుని బతికినోళ్లే. మున్సిపాలిటీలో పారిశుధ్యం పని చేసే రెల్లి కుటుంబాలు, పళ్ల బండ్లవాళ్లు, నెల్లిమర్ల జూట్ మిల్లు మూతపడినప్పుడల్లా తాపీ కూలికి దిగేవాళ్లు.

మాది 300 చదరపు అడుగుల ఇల్లు. మంచం ఎత్తి గోడకి నిలబెడితే అదే మందిరం. ఆడవాళ్లు వంటగట్టు దాకా సర్దుకుంటారు, మగవాళ్లు మెట్ల మీద. ఆదివారం పొద్దున్న ఆరాధన పెట్టలేను, ఆ వేళకి ఆడవాళ్లంతా కంటోన్మెంట్ వైపు ఇళ్లలో పాచిపనికి పోతారు. అందుకే సాయంత్రం. "పదిన్నరకి ఆరాధన లేకపోతే అది సంఘమేనా?" అన్నారు ఒక పెద్ద పాస్టరు గారు. ఆయన విశ్వాసులకి ఆదివారం సెలవు, ఏం చేస్తాం.

ఇప్పుడు విశాఖలో ఒక సంస్థవాళ్లు మా బ్లాకుల మధ్య ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేయిస్తాం, నెలనెలా సపోర్టు ఇస్తాం అంటున్నారు. మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. ఎన్ని బాప్తిస్మాలు, ఎవరెవరు, ఫొటోలు. ప్రతి ఫొటో కింద ఆ మనిషి అంతకు ముందు ఎంత దరిద్రంలో ఉండేవాడో నాలుగు ముక్కలు రాయాలట. నాకు అక్కడే మనసు ఒప్పట్లేదు. మా కూడికకి వచ్చే ఒకావిడ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. బాప్తిస్మం తీసుకుంటే వాడి ఎస్సీ సర్టిఫికెట్ ఏమైపోతుందోనని ఆవిడ ఆగిపోయింది. ఆవిడకి ఏం చెప్పాలి? షెడ్డు సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోర్టుగుమాస్తా (విజయనగరం)

బ్రదర్, ముందు సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి, దానికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్టీలకి ఈ గొడవ లేదు, మతం మారినా హోదా ఉంటుంది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న ఒకాయన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసు చెల్లదని కొట్టేసింది. అంటే సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు. "ఏం కాదు లేమ్మా, ఎవరు చూస్తారు" అని చెప్పే పాస్టర్లున్నారు. నువ్వు అలా చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు, నిర్ణయం ఆవిడది.

షెడ్డు: బ్లాకుల మధ్య జాగా నీదీ కాదు, ఆ సంస్థదీ కాదు. అనుమతి లేకుండా వేసిన రేకుల్ని ఒక్క ఫిర్యాదుతో పీకేస్తారు. సొంతంగా నిలబడాలంటే ఏడుగురు సభ్యులతో 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకో. ఇంకోటి, ఆ డబ్బు ఎక్కడిదో అడుగు. విదేశీ విరాళమైతే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత దాన్ని తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకి మళ్లించకూడదు. రేపు నీ సొసైటీ ఖాతాలో ఆ డబ్బు కనపడితే జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే.

పాతబస్టాండ్ పిన్ని (శ్రీకాకుళం)

బాబూ, కోర్టాయన చెప్పింది అంతా నిజమే. నేను ఇంకోటి అడుగుతాను. మీ కూడికలో రేపు ఎవరైనా పోతే ఎక్కడ పెడతావు?

షెడ్డు గురించి అందరూ అడుగుతారు, సమాధి గురించి ఎవరూ అడగరు. నేను నర్సుగా రిటైరయ్యాను, మా అమ్మ బైబిలు స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకి బైబిలు చెప్పేది. ఈ జిల్లాల్లో కెనడా బాప్టిస్టు దొరలు 1870ల నుంచీ ఉన్నారు, వాళ్లకంటే ముందు లండన్ మిషన్ వాళ్లు. వాళ్లు ఆస్పత్రి, బడి, మందిరం కట్టారు, వాటితో పాటు సమాధుల తోటకీ స్థలం కొన్నారు. ఇప్పుడు ఆ తోటలు పాత సంఘాల చేతిలో ఉన్నాయి. సభ్యత్వం పుస్తకంలో పేరుంటేనే గుంత తవ్వనిస్తారు. నీలాగ పేటల్లో కొత్తగా కూడుకునేవాళ్లకి చోటు లేదు. మా పేటలో ఒక రిక్షా ఆయన పోతే శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని సాయంత్రం దాకా ఫోన్లు. ఊరి శ్మశానంలో పెద్దలు "మీరు మావాళ్లు కాదు కదా" అన్నారు, తోటలో కమిటీ వాళ్లు "మీరు మా సభ్యులు కాదు కదా" అన్నారు. ఆఖరికి ఎవరో పెద్దమనిషి మాట సాయం చేస్తే చీకటి పడ్డాక పెట్టాం. ఆ కుటుంబం మళ్లీ కూడికకి రాలేదు. వాళ్లని నేను తప్పుపట్టను.

మీది మేడ కూడాను. ఆ ఇరుకు మెట్ల మీద పెట్టె ఎలా దింపుతారో ఇప్పుడే చూసుకో.

పెళ్లిళ్లూ అంతే. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సో అధికారమో ఉన్నవాళ్లు చేస్తేనే ఆ కాగితం చెల్లుతుంది. పాస్టరని పిలిచినంత మాత్రాన లైసెన్సు వచ్చేయదు. కాగితం లేని పెళ్లి చేసి, రేపు మొగుడు వదిలేస్తే ఆ పిల్ల గతేంటి? లైసెన్సున్న అయ్యగారిని ఒకరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

ఆ ఫొటోల సంస్థకి వద్దని చెప్పు. ఒకావిడ బాప్తిస్మం ఫొటో ఏ దేశంలోనో కరపత్రం మీద పడితే మురిసిపోయేది ఎవరు? ఇక్కడ కొడుకు సర్టిఫికెట్ కోసం తాసీల్దారు ఆఫీసులో నిలబడేది మాత్రం ఆవిడే. కూడిక ఇంట్లో పెట్టు, పదిమంది దాటితే ఇంకో ఇంట్లో ఇంకోటి పెట్టు. సాయంత్రం ఆరాధనకి సిగ్గుపడకు. పురుషోత్తమ చౌదరి గారు మన పర్లాకిమిడి వైపు మనిషే. ఆయన రాసిన కీర్తన సాయంత్రం పాడినా కీర్తనే.

పైఅంతస్తు (విజయనగరం)

నేను క్రిస్టియన్ని కాదు, వేరే టిడ్కో బ్లాకులో ఉంటున్నాను. ఒక్క ముక్క. మా కింద ఇంట్లో కూడిక జరుగుతుంది, పాటలు వినపడతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. గొడవ వచ్చింది వాళ్లు సౌండు బాక్సు కొన్న నెలలోనే. మా ఆవిడ నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు పెట్టకూడదని రూలుంది, ఆ మాట సిరిమానోత్సవం సంబరాలప్పుడు మావాళ్లకీ చెప్తాను, వినరనుకో. అన్నా, మీరు ఆ షెడ్డేస్తే లోపలికి ముందు వచ్చేది బాక్సే. ఇంట్లో పెట్టుకుంటే పక్కింటోళ్లు మిమ్మల్ని పక్కింటోళ్లుగానే చూస్తారు.

రంగులబ్రష్

అందరికీ వందనాలు. అమ్మగారూ, మీ ప్రశ్న చదివి మెట్లు కొలిచాను. మలుపు దగ్గర పెట్టె తిరగదు, కుర్చీలో కూర్చోబెట్టి దింపాలి. మా సంఘంలో మంచం పట్టిన ముసలాయన పై అంతస్తులోనే ఉన్నాడు.

ఆ సంస్థ సారుకి వద్దని ఫోన్ చేసి చెప్పాను. "సేవ పెరగాలని లేదా బ్రదర్" అన్నారు. ఇంటర్ అబ్బాయి అమ్మతో కూర్చుని కోర్టాయన చెప్పిందంతా చదివి వినిపించాను. "వాడి చదువు అయ్యేదాకా ఉండనీ" అంది. సరే అన్నాను. కూడికకి మాత్రం మానకుండా వస్తోంది, బిర్యానీ ఆకు వేసి టీ తెస్తోంది, అదెక్కడి అలవాటో.

సమాధుల తోట కమిటీ వాళ్లని కలవాలి. ఒక్కడినే వెళ్లనా, పెద్దమనిషి ఎవరినైనా వెంట తీసుకెళ్లనా?

పాతబస్టాండ్ పిన్ని

పెద్దమనుషులెవరూ వద్దు. ఆ కమిటీ వాళ్ల ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు మీ కూడికలో ఉండే ఉంటారు, కనుక్కో. ముందు వాళ్ల చేత ఆ ఇంటి అమ్మగార్ల చెవిన వేయించు. తర్వాత నువ్వెళ్లు. వెళ్లేటప్పుడు ఆ ముసలాయన పేరు, వయసు, ఇంటి నంబరు కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లు. ఊరికే "మా సంఘానికి చోటివ్వండి" అంటే తీర్మానం, మీటింగ్ అని తిప్పుతారు. ఒక మనిషికి అడిగితే కాదనడం కష్టం.