సింగపూర్ నుంచి అనంతపురం తిరుగు ప్రయాణం: జీఎస్టీ, బంగారం, రాత్రి బండి

రాప్తాడు_రోడ్డు:
అందరికీ నమస్తే. వచ్చే నెల సింగపూర్ ట్రిప్పు ముగించుకుని అమ్మ, నాయన, మా ఆయన, నేను తిరిగొస్తున్నాం. సాయంత్రం చాంగీ (సింగపూర్ ఎయిర్‌పోర్టు)లో ఎక్కితే రాత్రి పదిన్నరకు బెంగళూరులో దిగుతాం. అక్కడి ముస్తఫా షాపింగ్ సెంటర్లో కొన్నవాటికి జీఎస్టీ వెనక్కి ఎలా తీసుకోవాలి? అమ్మ ఒంటి మీద బంగారం ఉంటుంది, దిగినప్పుడు అడుగుతారా? నాయనేమో టీవీ కూడా తెద్దామంటున్నాడు. ఆ రాత్రి అనంతపురం ఎట్ల చేరేది?

గుత్తి_కోట:
అక్కా, జీఎస్టీ పని కొట్లోనే మొదలవుతుంది. బిల్లు వేసేటప్పుడే పాస్‌పోర్టు చూపించి టూరిస్టు రీఫండ్ కింద ఎక్కించమనండి. ఎవరి పాస్‌పోర్టు మీద ఎక్కితే వాళ్లే క్లెయిమ్ చేయాలి, కాబట్టి అన్నీ ఒకరి పేరునే వేయించడం మేలు. కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు ఉండాలి. ఒకే కొట్లో ఒకే రోజు చేసిన మూడు బిల్లుల దాకా కలపొచ్చు. పన్ను 9 శాతం, ధరలోనే కలిసి ఉంటుంది. అంటే 327 డాలర్ల బిల్లులో పన్ను 27. అందులో రుసుము పట్టుకుని మిగతాది ఇస్తారు. హోటల్ గదికి, తిండికి రాదు.

చాలామంది బోల్తా పడేది చాంగీలో. కొన్న సామాను పెద్ద పెట్టెలో ఉంటే, పెట్టె అప్పజెప్పకముందే చెకిన్ హాల్లోని ఈటీఆర్ఎస్ (టూరిస్టు రీఫండ్) మిషన్ దగ్గరికి పోవాలి. సామాను చూపించమనే అవకాశం ఉంది. పెట్టె బెల్టు మీద పోయాక చూపించడానికి ఏముంటుంది? చేతిసంచిలో ఉన్నవైతే ఇమిగ్రేషన్ దాటాక లోపలి మిషన్లో చేయండి. డబ్బు కార్డుకు వేయించుకోవచ్చు. దీనికోసం మామూలు కంటే గంట ముందు వెళ్లండి.

యాక్స్ ఆయిల్ సీసాలు డజన్ల లెక్కన కొంటారు కదా, మూతకు టేపు చుట్టి, జిప్ కవర్లో వేసి పెద్ద పెట్టెలో పెట్టండి. చేతిసంచిలో అయితే ఒక్కో సీసా 100 మి.లీ. మించకూడదు, ద్రవాలన్నీ కలిపి ఒక లీటరు కవర్లో పట్టాలి. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి ఇబ్బంది లేదు. ఏ పెట్టే 32 కిలోలు దాటనీయకండి, డబ్బు కడతామన్నా తీసుకోరు. చిల్లర నాణేలు అక్కడే ఖర్చు పెట్టేయండి. ఇక్కడ మార్చేవాళ్లు నోట్లే తీసుకుంటారు.

పెన్న_ఒడ్డు:
టీవీ ఆలోచన మానుకోమని నాయనకు చెప్పండి. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీలకు సుంకం లేని పరిమితి వర్తించదు, మొదటి రూపాయి నుంచే సుంకం పడుతుంది. ఇంకో సంగతి, నలుగురి పరిమితులు కలిపి ఒక ఖరీదైన వస్తువుకు వాడుకోవడం కుదరదు, ఎవరిది వారికే. పరిమితి ఎంతన్నది మారుతుంటుంది, బయలుదేరే ముందు చూసుకోండి. లాప్‌టాప్ ఒకటి (18 నిండినవారికి), మద్యం 2 లీటర్లు ఓకే.

అమ్మ నగల విషయం తేల్చుకోవాల్సింది ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడే. బెంగళూరులో విమానం ఎక్కకముందే కస్టమ్స్ దగ్గర నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చాక అది చూపిస్తే మాటామంతీ ఉండదు. కొన్న బిల్లు, పాత ఫోటోలు కూడా ఫోన్లో పెట్టుకోండి. అక్కడ కొత్తగా కొనే ఆలోచన ఉంటే మాత్రం, నగల రాయితీ ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికే. బంగారు బిస్కెట్లు, నాణేలకు టూరిస్టులకు ఏ రాయితీ లేదు. సుంకం కట్టాల్సింది ఏదైనా ఉంటే రెడ్ చానల్లోకే పోండి. సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్లు పోయే గ్రీన్ చానల్లో దొరికితే సుంకంతో పోదు, జరిమానా కూడా.

పెట్టె పగిలినా, రాకపోయినా హాలు దాటకముందే ఎయిర్‌లైన్స్ కౌంటర్లో పీఐఆర్ (సామాను ఫిర్యాదు పత్రం) రాయించండి. బయటికొచ్చాక అడిగితే మీమీదికే తోస్తారు.

పెనుకొండ_బైపాస్:
పదిన్నరకు దిగితే బయటికొచ్చేసరికి పదకొండున్నర దాటుతుంది. హైవే మీద అనంతపురం పోయే రాత్రి బస్సులు ఉంటాయి గానీ టెర్మినల్ దాకా రావు, విమానం ఆలస్యమైతే మీకోసం ఆగవు. పెద్దోళ్లతో, నాలుగు పెట్టెలతో ఆ పని వద్దు. బెంగళూరు స్టేషన్‌కు పోవడమంటే వెనక్కి 35 కిలోమీటర్లు పోవడం. రైలే కావాలంటే యలహంకలో ఆగేది చూసుకోండి.

నా మాటైతే అనంతపురం నుంచే కారు పిలిపించుకోండి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ మీదుగా 180 కిలోమీటర్లు, మూడు గంటల పైచిలుకు. బాగేపల్లి, మరూరు టోళ్లు, కర్ణాటక పర్మిట్ పన్ను కిరాయిలోనే ఉన్నాయా అని ముందే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే. డ్రైవర్‌కు టెర్మినల్ 2 అని స్పష్టంగా చెప్పండి, అంతర్జాతీయ విమానాలన్నీ 2023 సెప్టెంబర్ నుంచి అక్కడికే. డిక్కీలో నాలుగు పెద్ద పెట్టెలు పట్టవు, ఇన్నోవా లాంటిది మాట్లాడండి.

హంద్రీ_గట్టు:
మాది కర్నూలు. బెంగళూరులో దిగి ఓర్వకల్లు విమానం ఎక్కితే?

పెనుకొండ_బైపాస్:
అది రోజూ ఉంటుందో లేదో ముందు చూసుకోన్నా. పెట్టెలు బెంగళూరులోనే తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పజెప్పాలి. రెండూ వేర్వేరు టికెట్లైతే దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలే, మిగతాదానికి కిలో లెక్కన కట్టాలి. రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద కొంటే అంతర్జాతీయ బరువే నడుస్తుంది. డ్యూటీ ఫ్రీ మద్యం సీసా ఉంటే పెట్టెలు మళ్లీ అప్పజెప్పేముందే పెద్ద పెట్టెలోకి మార్చేయండి. టికెట్ ఇంకా కొనకపోతే షంషాబాద్‌కు చూడండి, అక్కడి నుంచి కర్నూలు రెండు వందల కిలోమీటర్ల లోపే, ఆరాంఘర్‌లో బస్సులూ దొరుకుతాయి.