అంటు కడితే కొత్త రూపం పుడుతుందా? ఉన్న తేడానే అంటు బతికిస్తుందా?

మొలకపెట్టె:
కాక్టస్ అంటుల దగ్గర ఎప్పుడూ తెగని వాదన ఇది. కోడిజుట్టులా విప్పారే క్రెస్ట్, ఒక వరస అంటూ లేకుండా మొగ్గలు తొడిగే మాన్‌స్ట్రోస్, పసుపు ఎరుపు మచ్చలు, ఇవన్నీ అంటు కట్టడం వల్లే పుడతాయని కొందరంటారు. అంటు దేన్నీ పుట్టించదు, గింజలోనే ఉన్న తేడాను బతికించి చూపిస్తుందంతే అని ఇంకొందరంటారు. వింత రూపాల కోసమే ప్రయోగాలు చేసేవాళ్లు ఈ రెండిట్లో దేన్ని నమ్మి కత్తి పట్టాలి?

పత్రహరితం:
రెండోదాన్నే. అందరికీ తెలిసిన ఎర్రబంతి కాక్టస్‌ను చూడండి. 1941లో జపాన్‌లో ఎయిజీ వతనాబెకి ఆ ఎరుపు కనిపించింది జిమ్నోకాలీసియం మిహనోవిచీ మొలకల్లో. అంటే అంటు కట్టకముందే తేడా ఉంది. పత్రహరితం లేని మొలక సొంతంగా ఆహారం చేసుకోలేదు, గింజలో నిల్వ అయిపోగానే చచ్చిపోతుంది. పచ్చటి వేరుమొక్క (అంటులో కింద వేర్లతో ఉండే మొక్క; పైన అతికేది పైమొక్క) మీదకు ఎక్కించడం వల్ల అది బతికింది. ఆ ఎరుపును ఆంథోసయనిన్ అనే రంగుపదార్థమని రాస్తుంటారు, అది తప్పు. కాక్టస్ కుటుంబంలో ఉండేవి బీటాలెయిన్లు, బీట్‌రూట్‌లో ఉండే రకం.

పెరెస్కియాప్సిస్ అనే వేగంగా పెరిగే వేరుమొక్క మీద ఎక్కించిన మొలక ఉబ్బి పొడుగ్గా సాగుతుంది, ముళ్లు పొట్టివవుతాయి, పిలకలు గుత్తులుగా వస్తాయి. దాన్ని మ్యుటేషన్ (జన్యువులో మార్పు) అని పిలవకండి. అది తిండి ఎక్కువైన పెరుగుదల. కోసి సొంత వేర్ల మీద పెడితే కొత్తగా వచ్చే భాగం మామూలుగానే వస్తుంది.

వలయం:
పత్రహరితం గారూ, ఉబ్బు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. "దేన్నీ పుట్టించదు" అనడం మాత్రం చెల్లదు. రెండు మొక్కల కణాలు కలిసి ఒకే చిగురుగా లేచే అంటు కైమీరాలు ఉన్నాయి. 1825లో పారిస్ దగ్గర ఆడమ్ అనే నర్సరీ యజమాని తోటలో లాబర్నం, సైటిసస్ కలిసిన చెట్టు వచ్చింది. 1907లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త వింక్లర్ టమాటా, నల్లకామంచి అంటును అతుకు దగ్గర కోసి, అక్కడ లేచిన చిగురుకి కైమీరా అని పేరు పెట్టాడు. కాక్టస్‌లలో హైలోసీరియస్, జిమ్నోకాలీసియం కలిసిన హైలోజిమ్నోకాలీసియం ఉంది, ఆర్టెగోకాక్టస్, ఒపన్షియా కలిసిన ఆర్టెగోపన్షియా ఉంది. ఇవి ఏ గింజలోనూ లేవు. అతుకు లేకపోతే ఈ మొక్కలే లేవు.

పైగా పొగాకు మొక్కల అంటుల్లో క్లోరోప్లాస్ట్ జన్యువులు ఒక మొక్క కణాల్లోంచి ఇంకో మొక్క కణాల్లోకి వెళ్లాయని 2009లో, పూర్తి కేంద్రక జన్యురాశి కూడా వెళ్లగలదని 2014లో తేలింది.

పత్రహరితం:
ఆ పొగాకు ప్రయోగాల్లో అతుకు దగ్గరి కణజాలాన్నే ముక్కలుగా కోసి, యాంటీబయాటిక్ కలిపిన మాధ్యమంలో పెంచి, తట్టుకున్న కణాల్ని మాత్రమే ఏరారు. మార్పిడి రెండూ తాకే చోటికే పరిమితం. అక్కణ్ణుంచి జన్యువులు పైకి పాకి కొనలోని పెరుగుదల బిందువుని మార్చలేదు. అందుకే వేరుమొక్క గుణం పైమొక్కకు పట్టిందని చెప్పడానికి ఆ ప్రయోగాలు ఆధారం కావు. కైమీరాలోనూ ఏ కణం జన్యువూ మారదు. పొరలు కలుస్తాయి, అంతే.

వలయం:
కణాల జన్యువులు మారలేదు, నిజమే. కానీ ఇక్కడ ప్రశ్న "వింత పెరుగుదల" గురించి. చర్మం ఒక జాతిది, లోపలి కండ ఇంకో జాతిది అయినప్పుడు ముళ్లు, గాడులు, పిలకలు వచ్చే తీరు రెండిట్లో దేనిలాగా ఉండవు. పెంచేవాడికి కావలసిన కొత్తదనం అదే.

ముళ్లబంతి:
కైమీరా కోసం ప్రయత్నించేవాళ్లకు పని తీరు చెప్తాను. అవకాశం చాలా తక్కువని మొదటే అనుకోండి. కాక్టస్‌లో చిగురు మామూలుగా అరియోల్ (ముళ్లు మొలిచే చిన్న దిమ్మ) నుంచే వస్తుంది. కోత ముఖం మీద కేలస్ (గాయం మానేటప్పుడు పెరిగే కణాల ముద్ద) నుంచి లేవడం అరుదు. అందుకే ఒకటి రెండు కాదు, పదుల్లో అంటులు సిద్ధం చేసుకోవాలి.

వేరుమొక్క, పైమొక్క అతుకు దగ్గర దాదాపు ఒకే మందం ఉండాలి. వేరుమొక్క పైభాగాన్ని అడ్డంగా కోసి, అంచుల్ని ఏటవాలుగా చెక్కాలి. ఆరేటప్పుడు మెత్తటి కండ కుంచించుకుపోతుంది, తోలు కుంచించుకోదు. అంచు చెక్కకపోతే మధ్యలో గుంట పడి పైమొక్క లేచిపోతుంది. కోశాక పలచటి బిళ్ల ఒకటి కోత మీదే ఉంచి, పైమొక్క సిద్ధమయ్యాక తీసేస్తే నాళాల వలయం (కోతలో గుండ్రంగా కనిపించే, నీళ్లూ ఆహారం మోసే గొట్టాలు) ఎండదు. రెండు వలయాలూ కనీసం ఒక చోటైనా ఒకదాన్నొకటి దాటాలి. సన్నటి వలయాన్ని పెద్ద వలయం మధ్యలో సరిగ్గా పెడితే రెండూ ఎక్కడా తాకవు, అంటు నిలవదు. కాస్త పక్కకి జరపండి. రబ్బరు బ్యాండ్లు 7–10 రోజులు, 25–30 డిగ్రీలు, నీడ. కోత మీద నీళ్లు పడకూడదు.

అతుకు బలపడటానికి 3 నెలలకు తక్కువ కాకుండా ఆగండి. తర్వాత అతుకు గుండా ఏటవాలుగా కోయాలి. కోత ముఖం మీద ఒక పక్క వేరుమొక్క కండ, ఇంకో పక్క పైమొక్క కండ, మధ్యలో సరిహద్దు గీత కనిపించాలి. గీత కనిపించకపోతే కోత తప్పిందన్నమాట. వేరుమొక్క అరియోల్స్‌ను 2–3 మి.మీ. లోతున తవ్వి తీసేయండి, లేకపోతే బలమంతా మామూలు పిలకలకే పోతుంది. కోత ముఖం బెండులా గట్టిపడితే 1 మి.మీ. మందాన మళ్లీ చెక్కండి. సరిహద్దు గీత మీద లేచిన చిగురునే ఉంచండి. సెంటీమీటరు అయ్యాక కొత్త వేరుమొక్క మీదకు ఎక్కించండి. మొదటి చిగురులో ఒక పక్కే కలిసి ఉంటుంది, నిలకడ ఉండదు. కలిసిన పక్క నుంచి వచ్చే పిలకను పట్టుకుని ముందుకు వెళ్లాలి.

దీని గింజలు నాటితే కైమీరా రాదు. గింజ చిగురు కొనలోని రెండో కణాల పొర నుంచి పుడుతుంది కాబట్టి ఒక్క జాతే వస్తుంది. పిలకల్ని అంటు కట్టుకుంటూ పోవడమే దారి.

చిగురుమేడ:
కొన గిల్లితే, లేదా చిగుళ్లు పుట్టించే హార్మోన్ మందు బెంజైల్ అడినిన్ పూస్తే క్రెస్ట్ వస్తుందని చదివాం. అది నిజమైన మార్పు కాదా?

ముళ్లబంతి:
కొన దెబ్బతింటే ఎక్కువసార్లు వచ్చేవి రెండు మూడు తలలు. ఎప్పుడో ఒకసారి పెరుగుదల బిందువు గీతలా సాగి క్రెస్ట్ అవుతుంది. గ్రాము లానోలిన్‌లో (గొర్రె ఉన్ని మైనం) 10 మిల్లీగ్రాముల బెంజైల్ అడినిన్ కలిపితే 1 శాతం ముద్ద. గుండుసూది తలంత అరియోల్ మీద పెడితే చాలు. ఎక్కువైతే గాజులా పారదర్శకంగా, ముళ్లు లేని ముద్దలు లేస్తాయి. మందు ప్రభావం తగ్గాక అవి మామూలు రూపానికి వస్తాయి. కాల్చిసిన్ అనే రసాయనం అయితే క్రోమోజోముల్ని నిజంగానే రెట్టింపు చేయగలదు, కానీ అది మనుషులకు ప్రాణాంతకమైన విషం. ఇంటి బల్ల మీద దాని జోలికి వెళ్లొద్దు.

క్రెస్ట్ అంతా ఒక్క కారణంతో రాదు. కోడిజుట్టు పువ్వులో ఆ గుణం గింజల ద్వారానే దిగుతుంది. కాక్టస్‌లో గాయం వల్ల వచ్చిన క్రెస్ట్ బలమైన వేరుమొక్క మీద తరచు మామూలు పిలకలు వేస్తుంది, వాటిని కనపడగానే కోసేయాలి.

వలయం:
ఇంకో ప్రమాదం ఉంది. "వేరుమొక్క వింతదనం పైమొక్కకు పాకింది" అని సంబరపడే సందర్భాల్లో మొదట అనుమానించాల్సింది ఫైటోప్లాస్మాని (మొక్కల నాళాల్లో బతికే బ్యాక్టీరియా రకం). ఒపన్షియాల్లో చీపురుకట్టలా పిలకలు గుబురుకట్టే రూపం దానివల్ల వస్తుంది, అంటు ద్వారా పాకుతుంది. పరీక్ష తేలిక. వింత మొక్క మీద ఆరోగ్యమైన మామూలు మొలకను ఎక్కించండి. ఆ మొలక కూడా వింతగా మారిందంటే అది రోగం. మ్యుటేషన్ అయితే దాని కణాల్లోనే ఉంటుంది, అతుకు దాటదు.

బ్లేడు సంగతి కూడా. స్పిరిట్‌తో తుడిస్తే కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు చాలావరకు పోతాయి, కాక్టస్ వైరస్ ఎక్స్ లాంటివి పోతాయని భరోసా లేదు. మొక్కకో కొత్త బ్లేడు వాడండి.

పత్రహరితం:
ఆ పరీక్షతో పాటు ఇంకోటి చేర్చండి. పేరు పెట్టే ముందు మూడు పిలకలు తీసి, ఒకటి పెరెస్కియాప్సిస్ మీద, ఒకటి మిర్టిల్లోకాక్టస్ అనే ఇంకో వేరుమొక్క మీద, ఒకటి సొంత వేర్ల మీద పెట్టండి. పత్రహరితం లేనిదైతే మూడోది కుదరదు, దానికి బదులు ఇంకో రకం వేరుమొక్క. రెండు పెరుగుదల కాలాలు చూడండి. మూడు చోట్లా ఒకే రూపం నిలిస్తే అది మొక్క గుణం. పెరెస్కియాప్సిస్ మీద మాత్రమే కనిపిస్తే అది పెరెస్కియాప్సిస్ గుణం, దానికి కొత్త పేరు పెట్టి ఎవరికీ అమ్మకూడదు.

మొలకపెట్టె:
కైమీరా అనుమానం ఉన్నప్పుడు కూడా సొంత వేర్ల మీద పెట్టాలా?

ముళ్లబంతి:
ఒక్కటే పిలక ఉంటే వద్దు. వేరు లోపలి పొరల నుంచి పుడుతుంది, కుళ్లితే మొత్తం పోతుంది. ముందు అంటు మీద నాలుగైదు పిలకలయ్యేదాకా పెంచి, ఆ తర్వాత ఒకదాన్ని వేర్లకు వదలండి.