రొయ్యల గుంటల పక్కన వీఎల్‌ఎఫ్ రిసీవర్: గుయ్‌మనే మోత తప్ప ఏమీ రావట్లేదు

రేడియోపిచ్చి (ఇందుకూరుపేట):
అన్నలూ, మెరుపుల రేడియో చప్పుళ్లు విందామని చిన్న వీఎల్‌ఎఫ్ (బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాల) రిసీవర్ కట్టాను. మీటరు పొడుగు వైరు, ముందొక ఎఫ్‌ఈటీ (సిగ్నల్ పెంచే ట్రాన్సిస్టర్), అక్కడినుంచి ల్యాప్‌టాప్ మైక్ సాకెట్లోకి, అంతే. మేడ మీద పెడితే గుయ్‌మని ఒకటే మోత, దాని అడుగున ఎక్కడో చిటపట. మా చుట్టూ రొయ్యల గుంటలే, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. గెయిన్ పెంచితే మోతే పెరిగింది. విజిలర్లు (మెరుపు తరంగాలు భూమి అయస్కాంత రేఖల వెంట పైకి పోయి వచ్చి ఈల వేసినట్టు వినపడేవి) వినాలని ఆశ. యాంప్లిఫయర్ మార్చమంటారా?

వెలికొండ_గాలి:
యాంప్లిఫయర్ జోలికి పోవద్దు తమ్ముడూ, చోటు మార్చు. నీకు వినపడేది 50 హెర్ట్జ్ కరెంటు, దానితోపాటు 100, 150, 200 అంటూ పైదాకా పోయే దాని పిల్లలు. ఉదయగిరి వైపు లైన్లు లేని చోటికి పో, చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపు, ఎర్త్‌కి ఇనుప చువ్వ ఒకటి తడి నేలలో దిగ్గొట్టు. రాత్రి బాగా పొద్దుపోయాక విను. చిటపటల మధ్య పిట్ట అరిచినట్టు ట్వీక్, ట్వీక్ అని వస్తాయి, అవి వేల కిలోమీటర్ల అవతలి మెరుపులవి కూడా కావచ్చు. రాత్రి అయనోస్ఫియర్ (పైన రేడియో తరంగాల్ని తిప్పికొట్టే పొర) అడుగు దాదాపు 88 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, నేలకీ దానికీ మధ్య తగిలి తిరిగి ఎగిరే తీరులో 1.7 కిలోహెర్ట్జ్ కింది తరంగాలు సాగవు. ఆ హద్దు దగ్గరికి వచ్చేకొద్దీ నెమ్మదిస్తాయి గనక స్వరం కిందికి జారి అక్కడ ఆగుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపే బొమ్మ) ఆ హద్దు చూసి ఎత్తు నువ్వే లెక్క కట్టుకోవచ్చు.

విజిలర్ల ఆశ మాత్రం తగ్గించుకో. అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా ఉండే గీత) తిరునెల్వేలి దగ్గర్లో పోతుంది, మనం దానికి మరీ దగ్గర, ఇక్కడ అవి బహు అరుదు.

కనిగిరి_కుర్రోడు:
ఇల్లు కదలకుండా చేసే పని కూడా ఉంది బ్రో. మోటారు వైండింగ్ షాపులో ఎనామిల్ తీగ కొని, మీటరు చెక్క ఫ్రేముకి చుట్టి లూప్ యాంటెన్నా కట్టు. అటూ ఇటూ తిప్పితే ఒక కోణంలో మోత సగానికి సగం పడిపోతుంది (ఏరేటర్లు నాలుగు దిక్కులా ఉంటే మాత్రం నీ అదృష్టం). తిరునెల్వేలి దగ్గర నేవీ వాళ్ల రేడియో స్టేషన్ ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ నుంచి 18.2, ఆస్ట్రేలియా నుంచి 19.8 కిలోహెర్ట్జ్ సిగ్నళ్లు వస్తాయి. సౌండ్‌కార్డు 48 కిలోహెర్ట్జ్‌లో శాంపిల్ చేస్తే 24 దాకా అందుతుంది గనక రెండూ పట్టొచ్చు. పగలంతా వాటి బలం గ్రాఫ్ గీయించు. సూర్యుడిలో ఫ్లేర్ (పేలుడు లాంటిది) లేచిందంటే ఎక్స్‌రేలు అయనోస్ఫియర్ అడుగునుండే డీ పొరని గట్టిగా తాకుతాయి, గీత నిమిషాల్లో గబుక్కున లేచి మెల్లగా దిగుతుంది. అది చూస్తే విజిలర్లు గుర్తు రావు.

రేడియోపిచ్చి:
లూప్ వెంటనే మొదలుపెడతా. సోమశిల డ్యామ్ దగ్గర వింటే పనవుద్దా?

వెలికొండ_గాలి:
డ్యామ్ దగ్గర లైట్లూ లైన్లూ ఉంటాయి, దూరంగా అడవి పక్కకి జరుగు. ఆకాశంలో మెరుపులు కనపడుతుంటే మాత్రం వైరు పైకెత్తి కూర్చోమాక, దూరపు మెరుపులే మనకి కావాల్సినవి.