టెక్సాస్ స్కూల్లో టీకాలు: మళ్ళీ వేయించాలా, ఎగ్జెంప్షన్ ఫామ్ ఇచ్చేయాలా?

కొత్తగా_డాలస్:
అందరికీ నమస్తే అండి. గుంటూరు దగ్గర నుంచి ఈమధ్యే వచ్చాం, పాపకి ఆరేళ్ళు, ఫస్ట్ గ్రేడ్‌లో చేర్పించాలి. మా ఊరి పీహెచ్‌సీ టీకాల కార్డు చూపిస్తే స్కూల్ నర్సు పసుపు హైలైటర్ పెట్టి ఒక్కోటీ గీస్తూ పోయింది, తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకా లెక్కలోకి రాదంట, పోలియో చుక్కలు కూడా రావంట, చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఏ అయితే కార్డులోనే లేవు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనేమో ఇవన్నీ నీకెందుకు బ్రదర్, టీకాలు మాకొద్దని రాసిచ్చే ఎగ్జెంప్షన్ ఫామ్ డౌన్‌లోడ్ చేసి నోటరీ చేయించి పడేయ్ అంటున్నాడు. టీకాలకి మేం వ్యతిరేకం ఏం కాదు, కానీ వేసినవే మళ్ళీ వేస్తే పిల్లకి ఏమన్నా అవుతుందేమోనని మా ఆవిడ భయం. ఏం చేయమంటారు?

హ్యూస్టన్_నర్సు:
భయపడకండి, ఇక్కడికొచ్చే మనవాళ్ళందరికీ ఇదే జరుగుతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడిటికీ కలిపి వేసే టీకా) మొదటి డోసు ఏడాది నిండాకే వేయాలని ఇక్కడి రూల్, ఎందుకంటే తొమ్మిది నెలల బిడ్డలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉండి టీకా సరిగ్గా పట్టకపోవచ్చు, ఇండియాలో తట్టు తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆగకుండా ముందే వేస్తారు, రెండూ కరెక్టే. పైగా అక్కడ గవర్నమెంట్‌లో వేసేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), అందులో గవదబిళ్ళలకి మందు ఉండదు. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన చుక్కల్లో మూడు రకాల పోలియో వైరస్‌లలో రెండిటికే ఉంది, అందుకే లెక్కపెట్టరు, కార్డులో పోలియో ఇంజెక్షన్ ఉంటే అది విడిగా చూపించండి. ఒక డోసు ఎక్కువ పడినా ప్రమాదం లేదు. సూదులు తగ్గించాలంటే తట్టు, చికెన్‌పాక్స్, హెపటైటిస్‌లకి టైటర్ అనే బ్లడ్ టెస్ట్ (ఒంట్లో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసేది) చేయించండి, ఇమ్యూనిటీ ఉన్నట్టు వస్తే ఆ రిపోర్టు స్కూల్ తీసుకుంటుంది.

స్వేచ్ఛ_ముఖ్యం:
నేను మా పిల్లలిద్దరికీ అన్నీ వేయించా, ముందే చెప్తున్నా. కానీ టీకా లేకపోతే బడి లేదు అనడం నాకు నచ్చదు. ఢిల్లీలో స్కూళ్ళలో ఎంఆర్ క్యాంపెయిన్ పెట్టినప్పుడు 2019 జనవరిలో హైకోర్టు తల్లిదండ్రులు ఒప్పుకోకుండా వేయడానికి వీల్లేదని చెప్పింది కదా. కూర్చోబెట్టి చెప్తే మనవాళ్ళు వింటారండి, బెదిరిస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఎగ్జెంప్షన్ అనేది చట్టం ఇచ్చిన హక్కు, వాడుకున్నోడిని దొంగలా చూడొద్దు.

ప్లేనో_పిన్ని:
చెప్పి ఒప్పించాలన్న మాట నిజమే తమ్ముడూ, కానీ ఈ అబ్బాయి నమ్మకం కోసం అడగట్లేదు, పని తప్పించుకోడానికి ఎవరో సలహా ఇస్తే అడుగుతున్నాడు. మా చెల్లెలి కొడుకు ల్యుకేమియాకి (బ్లడ్ క్యాన్సర్) కీమోలో ఉన్నాడు, ఎంఎంఆర్ లైవ్ వ్యాక్సిన్ (బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో చేసేది) కాబట్టి వాడికి వేయకూడదు, క్లాసులో మిగతా పిల్లలకి ఉంటేనే వాడు బడికెళ్ళగలడు. మా చెల్లెలు పొద్దున్నే వాడికి మాస్కు తొడిగి పంపుతుంది, సాయంత్రం వచ్చేదాకా ఫోన్ చేతిలోంచి దించదు. తట్టు వచ్చినోడు గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటలపాటు ఆ గాల్లో వైరస్ ఉంటుంది, క్లాసులో నూటికి 95 మందికి టీకా ఉంటే గానీ ఆగదు. 2025లో మన టెక్సాస్‌లోనే గెయిన్స్ కౌంటీ దగ్గర మొదలై 762 మందికి వచ్చింది, టీకా వేయించని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. ఆ పేర్లు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కోర్టు సంగతంటావా, 1922లో శాన్ ఆంటోనియో కేసులోనే టీకా లేకపోతే స్కూల్లో చేర్చుకోకూడదనే రూల్ నగరం పెట్టుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాలిఫోర్నియా అయితే డిస్నీలాండ్‌లో తట్టు వ్యాపించిన తర్వాత 2015లో సొంత నమ్మకాల పేరుతో ఇచ్చే ఎగ్జెంప్షనే తీసేసింది.

స్వేచ్ఛ_ముఖ్యం:
పిన్నిగారూ, మీ చెల్లెలి బాబు త్వరగా కోలుకోవాలి. రూల్ విషయంలో నా మాట మారదు గానీ ఇతనికైతే నేనూ వేయించుకోమనే చెప్తా.

కొత్తగా_డాలస్:
థాంక్యూ అండి అందరికీ. మా ఆవిడకి చదివి వినిపించా, ఫామ్ సంగతి వదిలేశాం. టైటర్ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. రెండుమూడు సూదులు ఒకేసారి వేయొచ్చా?

హ్యూస్టన్_నర్సు:
వేయొచ్చు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ కావాల్సొస్తే ఒకే రోజు వేయించండి, ఆ రోజు కుదరకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి, లేకపోతే రెండోది మళ్ళీ లెక్కలోకి రాదు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే వీటికి మామూలుగా కోపే (మన జేబులోంచి కట్టే వాటా) పడదు. పాత కార్డు మాత్రం పారేయకండి, పేజీలన్నీ ఫొటో తీసి డాక్టర్‌కి ఇవ్వండి, హెపటైటిస్ బీ, డీపీటీ డోసులు అందులోంచే లెక్కేస్తారు.