తదపేక్షా, తదుపేక్షా? పదవి వద్దనడానికి ఒక ధూర్జటి పద్యం (చెన్నై పేటల పేర్లతో కొందరు తెలుగువాళ్ళ సంభాషణ)

మాంబళం: ఒక పాదం నిన్నటి నుంచి నోట్లో నానుతోంది, పూర్తిగా పట్టుబడటం లేదు. మా పేట తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి నేను వెళ్ళలేదు. నేను లేనప్పుడే నన్ను కోశాధికారిగా ప్రతిపాదించి, బలపరిచి, చప్పట్లు కూడా కొట్టేశారట. నాకు ఆ పదవి వద్దు. లెక్కల పుస్తకం, రసీదు బుక్కు, బ్యాంకు సంతకాలు నా ఒంటికి పడే పనులు కావు. వద్దని రాసే ఉత్తరంలో ధూర్జటి మాట ఒకటి పెడదామని ఉంది. '...చాలు, పరితృప్తిం బొందితిన్' అని వస్తుంది చూడండి, దాని ముందున్నది 'తదపేక్ష'నా, 'తదుపేక్ష'నా? మా నాన్నగారు 'తదుపేక్ష' అనే చదివేవారు.

అడయారు: శ్రీకాళహస్తీశ్వర శతకంలోని 'రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు' పద్యమే కదా అన్నగారూ. అది 'బీజంబుల్ తదపేక్ష చాలు'. మా ఇంట్లో ఉన్న అచ్చు ప్రతిలోనూ అంతే. రాజులిచ్చే పల్లకీలూ నగలూ మనసుకు నొప్పి పుట్టించే విత్తనాలు, వాటి మీద ఆశ ఇక చాలు అంటున్నాడు. ఇందులో సందేహం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

పెరంబూరు: సందేహం ఉంది. శార్దూలంలో ఆ చోట సగణం పడాలి, 'తదపే' అన్నా 'తదుపే' అన్నా లఘువు లఘువు గురువే. యతి 'బీ'కీ 'ప్తిం'కీ కాబట్టి దానికీ ఈ అక్షరంతో పని లేదు. అంటే ఛందస్సు ఏ పక్షమూ పట్టదు, అర్థమే తేల్చాలి. 'ఉపేక్ష' అనుకుని చదవండి, వాటిని లక్ష్యపెట్టకపోవడం ఒక్కటే చాలు, దానితోనే తృప్తి పొందాను అని ఎంత హాయిగా సాగుతుందో! 'అపేక్ష చాలు' అంటే ఆశ సరిపోయినంత ఉందనే అర్థం కూడా వస్తుంది కదా.

అడయారు: రాదు మాస్టారూ. 'నీ మాటలు చాలు' అంటే ఇక ఆపమనే. తెలుగులో 'చాలు'కి ఆ విసుగు పుట్టుకతోనే ఉంది. పైగా ధూర్జటి రాయల ఆస్థానం చూసినవాడు. అనుభవించినవాడే 'పరితృప్తిం బొందితిన్' అనగలడు. దూరం నుంచి ఉపేక్షించినవాడి గొంతు కాదది, లోపలికెళ్ళి బయటికొచ్చినవాడి గొంతు.

వేలచ్చేరి: ఆ లెక్కన లోపలికి వెళ్ళనే వెళ్ళనివాడు పోతన. నాకైతే ఆయన నిరాకరణే పెద్దది. 'ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్' అని మొదలుపెట్టి, సొమ్ములు కొన్ని పుచ్చుకుని సొక్కి, చివరికి 'కాలుచే సమ్మెట వ్రేటులం' పడకుండా భాగవతాన్ని శ్రీహరికే ఇచ్చానంటాడు. 'కాలుచే' అన్నచోట పిల్లలు కాలు, చెయ్యి అనుకుంటారు గానీ అక్కడున్నది యముడు. ఆ సమ్మెట దెబ్బ నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. 'బాలరసాలసాల' పద్యంలో 'హాలికులైన నేమి' అన్నదీ అదే ధోరణి.

పెరంబూరు: చిన్న సవరణ అమ్మా. 'ఇమ్మనుజేశ్వరాధముల' భాగవతం ప్రథమస్కంధం అవతారికలోది. 'బాలరసాలసాల' మాత్రం చాటువుగా, అంటే విడి పద్యంగా ప్రచారంలో ఉన్నది. రెంటినీ ఒకే గంపలో వేయకూడదు.

వేలచ్చేరి: వేయలేదండీ, ధోరణి అన్నాను. చాటువైనా ఆ మాట పోతనకు అతికినట్టు మరెవరికీ అతకదు. ఇన్ని వందల ఏళ్ళు జనం దాన్ని ఆయన పేరు మీదే చెప్పుకుంటున్నారంటే అదీ ఒక సాక్ష్యమే.

తాంబరం: పద్యం సంగతి మీరు చూసుకోండి, ఉత్తరం సంగతి నేను చెప్తాను. అన్నగారూ, ముందు రెండు వాక్యాలు మామూలు వచనంలో రాసి, ఈ రోజే అధ్యక్షుడికీ కార్యదర్శికీ పంపండి. 'నన్ను అడగకుండా ఎన్నుకున్నారు, నేను అంగీకరించలేదు' అని స్పష్టంగా ఉండాలి. 'రాజీనామా' అన్న మాట వాడకండి, రాజీనామా అంటే ఒకసారి ఒప్పుకున్నట్టు. తమిళనాడులో మన సంఘాలు 1975 చట్టం కింద రిజిస్టరైనవి, కమిటీ మారితే కొత్త పేర్లు రిజిస్ట్రార్‌కి వెళ్తాయి. కాగితాల్లో మీ పేరు ఎక్కకముందే, బ్యాంకు వాళ్ళు సంతకాల నమూనా అడగకముందే మీ మాట మినిట్స్‌లో చేరాలి. ఆడిట్ వేళ సమాధానం చెప్పాల్సింది కోశాధికారే. మొహమాటపడి నెల రోజులు నానిస్తే 'మౌనం అర్ధాంగీకారం' అంటారు.

ఇంకో మాట. 'రాజుల్ మత్తులు' పద్యం ఆ ఉత్తరంలో వద్దు. మిమ్మల్ని పిలిచినవాళ్ళు మదించిన రాజులు కారు, కుర్చీలు మోసి, చందాలు వసూలు చేసి, ఏటా ఉగాది పచ్చడి కలిపి పంచేవాళ్ళు. పద్యం చూసి నొచ్చుకుంటారు.

మాంబళం: ఉత్తరం వచనంలోనే ఈ పూటే పంపుతాను. పద్యం మొత్తం కాదు గానీ, 'చాలు' ఒక్కటీ చివర్లో పెట్టాలని ఉంది. మా నాన్నగారి పాఠం తప్పని మాత్రం ఒప్పుకోలేను.

అడయారు: అక్కడ 'చాలు' కాదు, 'జాలను' పెట్టండి. 'ఈ భారము మోయజాలను' అంటే వాళ్ళ తప్పేమీ లేదు, నా శక్తి ఇంతే అని. అదే ధాతువు, ఎదుటివాళ్ళ మీదికి పోకుండా మన మీదికి తిరుగుతుంది. వద్దనడంలో దాన్ని మించిన మర్యాద తెలుగులో నాకు కనపడలేదు.

పెరంబూరు: 'జాలను' బాగుంది, ఒప్పుకున్నాను. 'తదపేక్ష' ఒప్పుకోలేదు. ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం ఇప్పుడు కోట్టూరుపురంలోనే ఉంది కదా, తాళపత్రాలు చూస్తే గానీ నేను వదలను. ఎవరైనా తోడు వస్తారా?

వేలచ్చేరి: నేను వస్తాను. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి రెండో పాదం కూడా చూద్దాం. 'చతురంతయాన తురగీ భూషాదులు' అంటాడు, పల్లకీ సరే, గుర్రాలనకుండా ఆడగుర్రాలు ఎందుకు?

పెరంబూరు: 'తురగ' అంటే మూడో అక్షరం లఘువై సగణం చెడుతుంది, అందుకని.

వేలచ్చేరి: ధూర్జటి గణం కోసం గుర్రాన్ని మార్చే కవి కాదండీ. మొదట్లోనే 'అంభోజాక్షీ' అని ఆడవాళ్ళను చెప్పాడు, ఆ వరసలోనే ఆడగుర్రం వచ్చిందని నా నమ్మకం.